అనుమానాలక్క

ప్రయోగశాలలో అందరూ ఆమెను చాటుగా అనుమానాలక్క అంటారు. తాళం వేశాక మళ్ళీ లాగి చూస్తుంది. మీటరు చూపిన అంకెను పెదవి విరుస్తూనే రాసుకుంటుంది. రంగు పూసిన గాజుపలకల మధ్య ద్రవం పోస్తే, ఎండను కరెంటుగా మార్చే సౌరఘటం బాగానే పనిచేస్తుంది కానీ, కొన్నాళ్ళకు కారిపోతుంది. ద్రవం బదులు ప్లాస్టిక్ లాంటి, తడిలేని పొడి పాలిమర్ పొర పెట్టాలని ఆమె ఏళ్ళుగా తంటాలు పడుతోంది. కారదు, నిజమే, కరెంటే అంతంతమాత్రం. అలాంటిది ఆ ఉదయం పక్క బల్ల అతని పొడి ఘటం ఆమె ఘటానికి రెట్టింపు కరెంటు ఇచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"లోపల ఓ చుక్క ద్రవం వేశావు కదూ?"

"ఒట్టక్కా, వేయలేదు!"

"అయితే విప్పి చూస్తా."

"విప్పితే పాడైపోతుందక్కా. ఉన్నది అదొక్కటే!"

ఆమె వినలేదు. బ్లేడుతో పలకలు విడదీసి, పొర మీద తెల్ల కాగితం అద్ది, వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. మరక లేదు. వేలితో తడిమింది. పొడిగానే ఉంది. అతని మొహం మాడిపోయింది. ఆమె స్టూలు లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

"ఇంకోటి చెయ్యి. నేనూ సాయం చేస్తా."

తప్పు తనదేనని ఆమెకు తెలుసు. అయినా చూపు మాత్రం అతని చేతుల మీంచి కదల్లేదు.