తీయని నవ్వు

ఆ సినిమాలో మూడో హత్యకు గురయ్యే ముసలమ్మ మా అవ్వ అని నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆమె చావు షాట్ తరువాత తీయవలసిన ఒక చిన్న ముక్కను తీయకపోయినా, తీశారని పుస్తకంలో టిక్కు పెట్టింది నేనేనన్న సంగతి అసలే చెప్పలేదు.

మొన్న జీడిమెట్లలో మా ఆఫీసులో భోజనాల వేళ, పక్క సీటు అక్క ఫోనులో సినిమా చూస్తూ, "చచ్చిపోయిన ముసలామెకి కన్నెలా కదులుతోందో చూడవే" అని నవ్వుతూ నా ముందుకు జరిపింది. ఎర్రరంగు పులిమిన నేత చీర, పక్కన దొర్లిన చెంబు, మూసిన రెప్ప కింద ఊరుకోలేని కన్ను. చపాతీ ముక్క చేతిలో పట్టుకుని, అవునక్కా అని మాత్రం అన్నాను.

ఆరేళ్ల కిందట, డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలంలో, శామీర్‌పేట దాటాక ఒక ఫామ్‌హౌసులో ఆ సినిమా తీశారు. ఒక భార్యాభర్తలు అద్దె ఇల్లు వెతుక్కుంటున్నట్టు వచ్చి, మంచినీళ్లడిగి, ఇంట్లోవాళ్లను చంపి, నవ్వుకుంటూ ఇంకో ఊరికి పోతుంటారు; కథంతా అంతే. షూటింగుకు నీళ్ల ట్యాంకర్లు పంపే మా మేనమామ, అక్కడ కంటిన్యుటీ రాసే అమ్మాయి జ్వరంతో ఇంటికి పోయిందని తెలిసి, మా మేనకోడలి దస్తూరి ముత్యాల్లా ఉంటుందని చెప్పి నన్ను అందులో చేర్చాడు. చెంబు ఏ చేతిలో ఉంది, కొంగు ఏ భుజాన ఉంది, గ్లాసులో నీళ్లెంత మిగిలాయి, ఇవన్నీ చూసి ఒక పుస్తకంలో రాసుకోవడమే పని. నలుగురిలో నోరు విప్పలేక రోజంతా పోగుచేసుకున్న మాటల్ని డైరీలో పెట్టుకునే నాలాంటివాళ్లకు అంతకంటే మంచి ఉద్యోగం ఉండదనుకున్నాను.

చావు షాట్ తీశాక, ఆ వేషం వేసిన మనిషిని లేపి, కెమెరా వైపు చూసి ఒకసారి నవ్వమంటారు. ఆ నవ్వునూ తీస్తారు. మనిషిని చావు దగ్గరే వదిలేస్తే కీడని సినిమావాళ్ల నమ్మకం. ప్రతి చావు పక్కనా 'నవ్వు' అని రాసి టిక్కు పెట్టడం, డైరెక్టరు మరిచిపోతే గుర్తుచేయడం కూడా నా పనే.

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. శామీర్‌పేట చెరువుకట్ట పక్కన చేపలమ్మి అమ్మనూ మామనూ పెంచిన మనిషి. నేను షూటింగులో ఆకలికి ఉండలేనని రోజూ ఆటోలో టిఫిన్ డబ్బా తెచ్చేది. నీళ్లిచ్చే ముసలమ్మ వేషానికి రావలసినావిడ రాని రోజున, డైరెక్టరు చూపు అవ్వ మీద పడింది. మామ్మగారూ, మీరు చేస్తారా అని అడిగాడు.

"మామ్మెవలయ్యా, అవ్వ అను. జేస్త గని, గా కత్తి మొద్దుదేనా?"

షాట్‌కు ముందు హంతకురాలి వేషం వేసిన అమ్మాయి వచ్చి కాళ్లకు మొక్కితే, అవ్వ నా చెవి దగ్గరకు వంగి, "సంపేటోళ్లు గింత మంచిగుంటరా బిడ్డా" అంది. పడిపోవడం మొదటిసారే బాగా వచ్చింది కానీ, చచ్చి పడుకున్నాక ముక్కు మీద ఈగ వాలితే చెయ్యెత్తి తోలేసింది. డైరెక్టరు తల పట్టుకున్నాడు. "సచ్చినంక ఈగను గూడ తోలొద్దా? గీ సావు నాతోని గాదు" అని అవ్వ లేచి కూర్చుని కడుపు పట్టుకుని నవ్వితే, లైట్లవాళ్లు, వంటవాళ్లు, ఆ హంతక దంపతులు, అందరూ నవ్వారు. అలా నవ్వినప్పుడు కెమెరా నడవడం లేదు.

ఐదోసారికి షాట్ కుదిరింది. పొద్దు వాలేలోగా దూలపల్లిలో ఇంకో సీను తీయాలని, కుదిరిన వెంటనే అంతా సర్దేయమని డైరెక్టరు అరిచాడు, కెమెరా మీద గుడ్డ కప్పేశారు. సార్, నవ్వు మిగిలిందని చెప్పాలని లేచాను. అంతమందీ నా వైపు చూస్తారని మళ్లీ కూర్చున్నాను. చావు తరువాత నవ్వు తీస్తారని పొద్దున నేను చెప్పాను కాబట్టి అవ్వ వరండాలో ముంగురులు సవరించుకుని, మూతికంటిన ఎర్రరంగు కొంగుతో తుడుచుకుని, నవ్వడానికి సిద్ధంగా నిలబడి ఉంది. దూరం నుంచి తీసేశారవ్వా, బాగా వచ్చింది అని చెప్పి, టిక్కు పెట్టాను.

ఆ వానాకాలంలోనే అవ్వ గుండె పాడైందన్నారు. మేడ్చల్ ఆసుపత్రిలో కొన్నాళ్లుంచి ఇంటికి పంపేశారు. చదువుకున్నదాన్ని, ఒక నవ్వు తీస్తే గుండె బాగుపడదని నాకు తెలుసు. తెలిసినా ఆ టిక్కు మాత్రం కళ్ల ముందు నుంచి పోయేది కాదు.

ఇప్పుడు ఆ ఫామ్‌హౌసు చోట గేటు పెట్టిన విల్లాలు లేచాయి, అవ్వ చేపల బుట్ట పెట్టుకున్న చోట హోటలు బోర్డులు వెలిగాయి. నా ఈడువాళ్లందరి ఫోన్లలోనూ ఇంట్లోవాళ్ల నవ్వులు వందలుగా ఉంటాయి. ఆ రోజు ఫోను నా చేతిలోనూ ఉంది. రోజూ నవ్వే మనిషే కదా అని ఎప్పుడూ తీయలేదు. గోడ మీద ఉన్నది ఆధార్ కార్డులోంచి పెద్దది చేయించిన ఫోటో, అందులో పెదవులు బిగించుకుని ఉంటుంది. లోకం మొత్తానికి, కదులుతూ కనిపించే అవ్వంటే ఆ చావు ఒక్కటే, దాన్ని చూసి ఎవరో అక్క భోజనాల దగ్గర నవ్వుతుంది.

అవ్వ పోయేముందు, చివరి సాయంత్రం, ఆమె మంచం పక్కన కూర్చుని, ఇప్పుడైనా చెప్పేయాలని నోరు తెరిచి, ఆ రోజులాగే ఆగిపోయాను. అవ్వ కళ్లు తెరవకుండానే నా చెయ్యి వెతికి పట్టుకుంది. కెమెరా మీద గుడ్డ కప్పడం, నేను టిక్కు పెట్టడం తాను చూసిందట.

"నువ్వు పరేషాన్ గాకు బిడ్డా. గా పుస్తకంల వెట్టిన టిక్కు తీసెయ్యకు. ఈగను తోలినప్పుడు అందరం మస్తు నవ్వినం గద, గదే రాసుకో."