నాలుగు సాళ్ల కుసుమలు

మా జొన్నచేను చుట్టూ ఏటా నాలుగు సాళ్లు కుసుమలు వేసేవాళ్లం. పాలమూరు పడమటి రేగళ్లలో అందరూ అంతే. రాయి దొరకని నల్లనేలలో కంచె కట్టడంకంటే కంచెను విత్తడం తేలిక. లేతగా ఉన్నప్పుడు ఆకు పప్పులో వేసుకుంటాం. పూతకొచ్చేసరికి అదే ఆకు అంచున ముళ్లు లేస్తాయి. పసుపుగా పూసి, వాడేకొద్దీ ఎర్రబడే ఆ పూలను చూసి మురిసేది దారిన పోయేవాళ్లే. మా ఇంట్లో ఎవరూ వాటిని పూలని అనలేదు.

కుసుమలు పీకడం అమ్మ పని. పొద్దున మంచుకు ముళ్లు మెత్తబడి ఉంటాయని, చేతులకు పాత గుడ్డపేలికలు చుట్టుకుని పోయేది. మెత్తబడాలన్న సంగతి ముళ్లకు అంతగా తెలియదు. పొద్దెక్కాక ఆమె వాకిట్లో కూర్చుని అరచేతులు చాపితే, నేను తుమ్మముల్లుతో ఒక్కొక్కటే తీసేదాన్ని. నాకప్పుడు ఎనిమిదేళ్లు. చదువు రాకపోయినా చూపు మంచిదని ఆ కొలువు నాకిచ్చారు. రానివాటి మీద జిల్లేడుపాలు పెట్టేవాళ్లం. ఆ రోజుల్లో అమ్మకు పిడికిలి బిగిసేది కాదు కాబట్టి మేకల పాలు బాపు పితకాల్సి వచ్చేది. ఆయనకు అమ్మ మీద జాలి పుట్టడానికి అదొక కారణం కావచ్చు.

ఒక ఏడు విత్తనాల వేళ బాపు ఆ జాలిని బయటపెట్టాడు.

"నీ చేతులు జూడలేకపోతున్న. గీయేడు కుసుమలు ఏసేది లేదు. మన మేకలకు మన చేను తెల్వదా?"

అమ్మ జొన్నలు చెరుగుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"మేకలకు జెప్పినవా?"

బాపు నవ్వలేదు. తన చేతుల్లో పుట్టిన మేక తన చేనుకు నోరు పెట్టదని ఆయన నమ్మకం. ఊళ్లో మేకలున్న ప్రతి ఇంట్లో ఈ నమ్మకం ఉండేది. అప్పటిదాకా ఎవరూ దాన్ని పరీక్షించలేదు.

కంకి పాలుపోసుకునే వేళకు మేకలు మా చేనును బాగానే గుర్తుపట్టాయి. పక్క చేలకు కుసుమలున్నాయి. వాటి జోలికి పోకుండా నేరుగా మాదాంట్లోకే వచ్చాయి. కాపలా అవసరం లేదు కనుక బాపు గట్టున తలగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. ఆయన లేచేసరికి చేను సగం మిగిలింది. కంచే చేను మేసిందంటారు. మాకు కంచె లేదు, ఆ పని మేకలే చేసుకున్నాయి.

ఆ ఏడు అమ్మ చేతులు నున్నగా ఉన్నాయి. ఆ నున్నటి చేతులతోనే రోజూ పలచటి అంబలి పోసేది. ఆకలికి నాకు ఏడుపొచ్చేది. బాపు మీద కోపం, మేకల మీద ఇంకా కోపం. కుసుమనూనె లేక అవ్వ మోకాళ్లు పట్టుకుని మూలిగింది. గానుగపిండి లేక మేకలూ అరిచాయి గానీ, వాటి గోడు ఎవరూ వినలేదు. అమ్మ తిడితే బాగుండునని బాపు ఆమె ఎదురుగా ఊరికే తచ్చాడేవాడు.

మరుసటి ఏడు అమ్మే విత్తింది. సాళ్లు ఆరయ్యాయి. పీకే రోజున బాపు తన తలగుడ్డను రెండుగా చింపి చేతులకు చుట్టుకుని, ఎవరూ పిలవకుండానే ఆమె వెనక పోయాడు.

పొద్దెక్కాక నా ముందు మొదటిసారి నాలుగు అరచేతులు. ముందు అమ్మవి తీశాను. బాపువి అలవాటు లేని చేతులు. ముల్లు ముల్లుకూ మొహం తిప్పుకున్నాడు. అయిపోయిందని నేను తుమ్మముల్లు పారేశాక అమ్మ ఆయన పక్కన వచ్చి కూర్చుంది. ఆయన చేయి తన ఒళ్లోకి తీసుకుని బొటనవేలితో నెమ్మదిగా తడిమింది.

"ఇంకొకటున్నది," అన్నది.

అక్కడ ముల్లు లేదు. నేను రెండుసార్లు చూశాను. బాపు చేయి వెనక్కి తీసుకోలేదు. ఆ పూట మేకల పాలు నేనే పితికాను.