బకెట్లో చప్పుడు ఆగినప్పుడు

ఆపరేషన్ థియేటర్లో అందరూ ఆవిడని నీళ్ల పిన్ని అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, అక్కణ్నుంచి బయటికి రావలసిన అవసరం ఎప్పుడూ పడలేదు. కిడ్నీ రాళ్ల ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ సెలైన్ సంచులు తగిలించడం, ఖాళీ అయినవి దింపడం, లోపల కడిగి బయటికొచ్చే నీళ్లని కింద బకెట్లో పట్టడం ఆవిడ పని. పదకొండేళ్లుగా అదే మూల, అదే స్టాండు.

మాట తక్కువ మనిషి. "దాని నోట్లో ముత్యాలున్నాయమ్మా, తెరిస్తే ఎక్కడ రాలిపోతాయోనని భయం" అని అత్తగారు ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వుతుంది. ముత్యాలూ లేవు, పగడాలూ లేవు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి నాన్న ఇస్త్రీ బడ్డీలో నిలబడ్డ రోజు నుంచీ, చదువుకున్నవాళ్ల ముందు నోరు తెరిస్తే ఏం తప్పు దొర్లుతుందోనని బెరుకు. నోరు చేయాల్సిన పని కూడా కళ్లూ చెవులే చేసేవి.

"ఇస్త్రీ పెట్టె కదులుతున్నంతసేపూ బట్ట మనది. నిలబడిందా, ఇక మనది కాదు" అనేవాడు నాన్న. "నీళ్లు చిలకరిస్తూ ఉండాలే పిచ్చిదానా. తడి ఉన్నంతసేపూ బట్టకేం కాదు. తడి ఆరాక నువ్వు పది లెక్కపెట్టేలోపు మచ్చ పడుతుంది. ఆ మచ్చ వందసార్లు ఉతికినా పోదు."

కొత్త లేజర్ మిషను వచ్చిన కొన్నాళ్లకి పెద్దడాక్టరు అందరినీ నిలబెట్టి చెప్పిన సంగతులు ఆవిడకి ఇస్త్రీ లెక్కలోనే అర్థమయ్యాయి. దారప్పోగు లాంటి తీగ చివర వెలుగు పుట్టి రాయిని పొడి చేస్తుంది. ఆ వెలుగుతో వేడీ పుడుతుంది. పక్కనుంచి నీళ్లు పారుతున్నంతసేపూ ఆ వేడిని అవే మోసుకుపోతాయి. నీళ్లు ఆగితే కొన్ని క్షణాల్లోనే, కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే ఆ సన్న గొట్టం లోపలి పొర కాలిపోతుంది. పాత మిషను నెమ్మది మనిషి లాంటిది, అప్పుడప్పుడూ పొరపాటు జరిగినా సర్దుకునేది. కొత్తదానికి బలం ఎక్కువ, ఓర్పు తక్కువ.

పైగా కాలిన సంగతి ఆ రోజే బయటపడాలని లేదు. నెలలు గడిచాక గొట్టం ముడుచుకుపోతుంది, మూత్రం దిగదు, పైన కిడ్నీ ఉబ్బి పాడవుతుంది.

అది విన్న రోజు నుంచీ నీళ్ల పిన్నికి ముద్ద దిగడం లేదు. కొత్త మిషను వచ్చిన తొలి వారంలో, దాని సంగతులు ఎవరూ చెప్పకముందే, ఓ టైలరమ్మకి ఆపరేషన్ జరిగింది. మధ్యలో కాసేపు బకెట్లో నీళ్ల చప్పుడు ఆగింది. ఈవిడ విన్నది. డాక్టరుగారు చూస్తూనే ఉన్నారుగా, ఆయనకి తెలియదా అనుకుని ఊరుకుంది. ఇప్పుడు టైలరమ్మ మూడు నెలలకోసారి స్టెంటు మార్పించుకోవడానికి వస్తోంది. గొట్టం మూసుకుపోకుండా లోపల ఉంచే ప్లాస్టిక్ నాళం అది. ఆ రోజు నీళ్లు ఆగినందుకే ఇలా అయిందో, రాయే గీరేసిందో ఎవరూ తేల్చలేదు. "బాగున్నావా పిన్నీ?" అని టైలరమ్మ నవ్వుతూ పలకరించినప్పుడల్లా ఈవిడ చేతిలో ఖాళీ బకెట్ కూడా బరువెక్కుతుంది.

ఇవాళ బల్ల మీదికి వచ్చింది ఓ బస్సు కండక్టరు. యాభై దాటిన మనిషి. పుట్టుకతోనే ఒక్కటే కిడ్నీ. ఆ ఒక్కదాని గొట్టంలోనే రాయి ఇరుక్కుంది. కేసు కాగితం మీద సిస్టరు ఎర్ర ఇంకుతో 'ఒకటే' అని రాసి చుట్టూ సున్నా చుట్టింది. ఆ సున్నా చూశాక నీళ్ల పిన్ని స్టాండుకున్న సంచిని మరోసారి తడిమి చూసుకుంది.

"ఏమ్మా, నీ డ్యూటీ ఏంటిక్కడ?" అన్నాడు కండక్టరు. భయపడ్డవాళ్లకి మాటలెక్కువ.

"నీళ్లు" అంది.

"నీళ్లా? అయితే నువ్వూ నేనూ ఒకటే. బండి నడిపేది డ్రైవరు, పేరొచ్చేదీ డ్రైవరుకే. కానీ ఆయన కళ్లు ముందుకే కదా! వెనక తలుపు దగ్గర ఎవరి కాలు ఎక్కడుందో చూసేది నేను. నేను హోల్డాన్ అన్నానంటే ఎంత మొనగాడైనా బండి ఆపాల్సిందే."

"ఇక చాలు బాబాయ్, టిక్కెట్లు తర్వాత కొడుదురుగాని, గాలి పీల్చండి" అంది మత్తు డాక్టరు.

"రైట్ రైట్" అంటూనే ఆయన కళ్లు మూతపడ్డాయి.

మొదటి పావుగంట బాగానే గడిచింది. పెద్దడాక్టరు కాలు లేజర్ పెడల్ మీద, కళ్లు లోపలి బొమ్మ చూపే తెర మీద. బకెట్లో నీళ్లు ఆగకుండా పడుతున్నాయి. అంతలో రాయి జారడం మొదలుపెట్టింది.

"పిన్నీ, కొంచెం నీళ్లు తగ్గించండి. వరదకి ఈ వెధవ పైకి కొట్టుకుపోతున్నాడు."

ఆవిడ సెలైన్ గొట్టం మీది చిన్న చక్రం తిప్పింది. ఇది పాత మిషను నాటి అలవాటు. తగ్గించమని ఆయన అంటారు, ఈవిడ తగ్గిస్తుంది. మళ్లీ పెంచమనడం ఆయనకి గుర్తుండదు, అడగడం ఈవిడకి చేతకాదు. ఇన్నేళ్లూ అలాగే గడిచిపోయింది.

"ఆ, చిక్కాడు దొంగ! పవర్ పెంచు" అన్నారు డాక్టరు మిషను దగ్గరున్న టెక్నీషియనుతో. పెడల్ నొక్కారు. కాలు ఎత్తలేదు. తెర మీద పిండి చల్లినట్టు తెల్లటి పొడి కమ్ముకుంది.

నీళ్ల పిన్ని తెర చూడలేదు. సంచి చూసింది. అది చప్పబడి, నీళ్లు వేగంగా దిగేందుకు చుట్టూ బిగించిన గాలిపట్టీ వదులైపోయింది. కిందనున్న గాజులాంటి బుడ్డిలో ఒక చుక్క పడింది. ఇంకో చుక్క సాగి, వేలాడి, అలాగే ఉండిపోయింది. బకెట్లో టప్ మంది. తర్వాత ఏమీ లేదు.

ఒకటి. రెండు.

చక్రం పూర్తిగా తిప్పేసింది. సంచిలో ఉంటే కదా దిగడానికి.

"డాక్టరుగారూ..." మాట మాస్కు దాటలేదు.

మూడు.

"ష్, కదలకండి పిన్నీ, ఆయన చూపు చెదురుతుంది" అంది సిస్టరు పళ్ల మధ్యనుంచి.

నాలుగు. పెడల్ మీద కాలు అలాగే ఉంది. ఎర్ర సున్నా కళ్ల ముందు తిరిగింది. టైలరమ్మ నవ్వు మొహం కనబడింది. ఐదు.

"హోల్డాన్!"

ఆ గదిలో అంత గొంతు ఎవరూ విని ఉండరు. డాక్టరు కాలు దానంతటదే లేచిపోయింది. టెక్నీషియను వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవరది?"

"నేనేనండీ. నీళ్లు... నీళ్లు లేవండీ. చుక్క పడట్లేదు."

డాక్టరు స్టాండు వైపు చూశారు, బకెట్ వైపు చూశారు. కాలు పెడల్ నుంచి దూరంగా జరిపారు. "సంచి మార్చండి."

సిస్టరు పరుగున వెళ్లి సంచి తెచ్చి నీళ్ల పిన్ని చేతిలో పెట్టింది. వెచ్చగా తగిలింది. మత్తులో ఉన్నవాళ్లు చలికి వణకకుండా వెచ్చని అలమరలో కొన్ని సంచులు ఉంచుతారు, ఇది అందులోది.

"ఇది వద్దు సిస్టర్. బయట అరలోది ఇవ్వండి."

"ఆయనకి చలేస్తుంది కదా?"

"చలికి దుప్పటి కప్పుదాం. వేడి మీద వేడి పోయొద్దు."

నీళ్ల పిన్ని ఒక్క గుక్కలో అన్ని మాటలు అనడం సిస్టరు వినడం అదే మొదటిసారి. వెంటనే చల్లటి సంచి తెచ్చింది. తగిలించారు, గాలి కొట్టారు. బుడ్డిలో ధార పడింది. బకెట్ పలికింది.

తెర మీద తెలుపు మెల్లగా కరిగింది. గొట్టం గోడ కనబడింది, గులాబీ రంగులో. ఒక్కచోట మాత్రం గోరంత తెల్లమచ్చ. అందరూ ఆ మచ్చనే చూస్తున్నారు. కాలితే తెల్లబడుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. డాక్టరు నీటి ధారని దాని మీదికి తిప్పారు. మచ్చ కదల్లేదు. మళ్లీ తిప్పారు. అంచు లేచింది, ఊగింది, కొట్టుకుపోయింది.

"పొడే" అన్నారు డాక్టరు. టెక్నీషియను వైపు తిరిగి, "పవర్ తగ్గించు. కాస్త నొక్కి ఆపుతాను, కాస్త నొక్కి ఆపుతాను. ప్రతిసారీ పిన్ని చెప్తేనే నొక్కేది" అన్నారు.

"ఏమని చెప్పాలండీ?"

"ఇందాక ఒకటి అన్నారుగా. దాని జతది అనండి."

నీళ్ల పిన్ని బుడ్డి చూసింది, బకెట్ విన్నది. "రైట్" అంది. వినబడిందో లేదోనని మళ్లీ, "రైట్ రైట్." మత్తు డాక్టరు భుజాలు కదిలేలా నవ్వింది.

రాయి మొత్తం పొడై బయటికి వచ్చాక, అందరూ వెళ్లిపోయాక, ఆవిడ డాక్టరు గది గుమ్మంలో నిలబడి టైలరమ్మ ఆపరేషన్ రోజు సంగతి చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన వింటూ బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లించారు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు చూస్తున్నారనుకున్నానండీ."

"నేను రాయిని చూస్తుంటాను పిన్నీ" అన్నారాయన. టైలరమ్మ ఫైలు తెప్పించారు. ఈసారి వచ్చినప్పుడు తనే ఆమెకి అంతా చెప్తానన్నారు. "మీరూ ఉండండి" అన్నారు.

రెండు నెలలకి కండక్టరు స్కానింగుకి వచ్చాడు. ఆయన లోపలున్నంతసేపూ నీళ్ల పిన్ని ఆ వరండాలో తుడిచిన గచ్చునే మళ్లీ తుడిచింది. తలుపు తెరుచుకుంది. కాగితం ఊపుకుంటూ వచ్చాడాయన.

"గొట్టం బ్రహ్మాండంగా ఉందట! మూత్రం సాఫీగా దిగుతోందట! ఇక నీళ్లు తాగు, నీళ్లు తాగు అని ఒకటే పోరు. నువ్వే కదూ ఆ నీళ్ల డ్యూటీ అమ్మాయివి?"

ఆవిడ తలూపింది. చీపురు కర్ర పట్టుకుని నిలబడింది.

"అవునూ, ఆ రోజు మత్తులో నేనేమైనా వాగానా? బస్సు గోల ఏదైనా? మత్తు డాక్టరమ్మ నన్ను చూసినప్పుడల్లా నవ్వుతోంది."

"లేదు బాబాయ్" అంది నీళ్ల పిన్ని. "నేనే వాగాను."