మంచు కరిగించే ఉప్పు కోసం ఖోర్ ఫక్కాన్ దాకా

ఎనభైలలో ఒక నవంబరు. దుబాయ్ అల్ ఖూజ్‌లోని మా గిడ్డంగి నుంచి ఒక చలిదేశపు కొండరోడ్లకు మంచు కరిగించే సరుకు పంపాలని మా మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, నిర్ణయించారు. ఉప్పు, యూరియా, క్యాల్షియం క్లోరైడ్: మూడింటిలో ఏది పంపాలో మరునాటి సాయంత్రం ఆరు గంటల టెలెక్స్‌లో కొనుగోలుదారుకు తెలియజేయాలి. యూరియా నిల్వ ఎక్కువగా ఉంది కనుక ఆయన మొగ్గు దానివైపే. రసాయనశాస్త్రం చదివినవాణ్ణని పరీక్ష నాకు అప్పగించారు. తప్పు సరుకు వెళితే అక్కడి లారీలు లోయలోకి జారతాయని నాకు తెలుసు. మంచు పట్టిన రోడ్డును మాత్రం నేను ఏనాడూ చూడలేదు.

మరునాడు ఉదయం 5.40కి దేరాలో షేర్ టాక్సీ ఎక్కాను. సీటుకు ఇరవై ఐదు దిర్హాములు. ఒడిలో మూడు సరుకుల పొట్లాలు, చిన్న త్రాసు, థర్మామీటరు. పక్కన కూర్చున్న నెల్లూరు దర్జీ ఖాదర్ ఒక పొట్లం విప్పించి చూశాడు.

"ఏంది సార్, సముద్రం కాడికి ఉప్పు మోసకపోతా ఉండారా? ఆడ కరువొచ్చిందా?"

కారణం చెప్పాను. అతడు ధైద్ దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

8.15కి తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్ చేరాను. చేపల రేవు పక్కనున్న ఐస్ ఫ్యాక్టరీలో నాకు తెలిసిన జగిత్యాల ప్రాంతపు మల్లేశం ఆపరేటరు. అతడిచ్చిన మంచును సమాన బరువుగల నాలుగు ముక్కలు చేసి, రేకు మూతలలో ఉంచి, మూడింటిపై ఒక్కో సరుకు ఇరవై గ్రాముల చొప్పున చల్లాను. నాలుగోది ఉత్త ముక్క. షెడ్డు నీడలో ముప్పై ఒక్క డిగ్రీలు. నలభై నిమిషాలకు అన్నీ నీళ్ళే. ఏమీ చల్లకుండా ఉంచిన ముక్క రెండవ స్థానంలో నిలిచింది! మళ్ళీ చేశాను, వరుస మారింది, అయోమయం మారలేదు.

మల్లేశం నడుం మీద చేయి వేసుకుని చూస్తున్నాడు. "సారూ, గీ ఉడుకల ఉప్పు బలమేం తెలుస్తది? మంచును కరిగించింది ఎండ, పేరు ఉప్పుకా? లోపలికి రాండ్రి, యల్లా, నడువుండ్రి."

లోపల పెద్ద తొట్టి నిండా యంత్రం చల్లబరిచిన ఉప్పునీరు. అందులో మంచినీటి డబ్బాలు వరుసగా మునిగి ఉన్నాయి. థర్మామీటరు సున్నాకు పది డిగ్రీల కింద నిలిచింది. మంచును కరిగించవలసిన ఉప్పు ఇక్కడ మంచును తయారుచేస్తోంది! చదివిన చదువంతా తలకిందులైనట్టు అనిపించింది.

"పరేషాన్ గాకుండ్రి. ఉప్పుంటె నీళ్ళు గడ్డకట్టయ్. గడ్డకట్టకుండ డబ్బా సుట్టు తిరుగుతయ్, లోపలి నీళ్ళ వేడి గుంజుతయ్. గంతే."

ఖాళీ డబ్బాలను అంచు పైకి ఉండేలా అదే తొట్టిలో దించి, వాటిలో కొత్త ముక్కలు ఉంచి, మూడింటిపై మళ్ళీ అలాగే చల్లాము. గంట తరువాత ఉత్త ముక్క పొడిగా ఉంది. యూరియా పలుకులు చెక్కుచెదరలేదు. ఉప్పు పైపైన చెమ్మ చేసింది. క్యాల్షియం క్లోరైడ్ మంచులోకి రంధ్రాలు తొలిచింది. దాని పేరే కాగితంపై రాసుకున్నాను. మల్లేశం తన టిఫిన్ డబ్బాలోని అన్నం, చేపల పులుసు సగం నాకు పెట్టాడు.

2.30కి తిరుగు టాక్సీ. డ్రైవరు వృద్ధ పఠాన్. పూర్వం మంచు కనుమలలో లారీ నడిపినవాడు. ఫలితం గర్వంగా చెప్పాను.

"సాబ్, పహలే యే బోలో, వహా ఠండ్ కిత్నీ హై?" అన్నాడు.

అక్కడ చలి ఎంతో నాకు తెలియదు. ఆర్డరు పత్రంలో ఆ అంకె లేదు. మేము అడగనూ లేదు. నేను కొలిచింది ఐస్ ఫ్యాక్టరీ చలిని.

అతడు హిందీలోనే వివరించాడు: చలి తక్కువైతే ఉప్పే చాలు. మరీ ఎక్కువైతే మధ్యాహ్నం కరిగిన నీరు సాయంత్రానికి అద్దమవుతుంది. అప్పుడు ఏ మందూ పనిచేయదు, ఇసుక చల్లి చక్రానికి పట్టు ఇవ్వాలి.

మసాఫీ దాటాక కాగితం తీసి, రాసుకున్న పేరు కొట్టివేశాను. కింద టెలెక్స్ వాక్యం రాశాను: "మీ రోడ్డుపై రాత్రి చలి ఎన్ని డిగ్రీలు? తెలిపేవరకు సరుకు పంపము."

ఒక రోజంతా తిరిగి నేను దుబాయ్‌కి తీసుకువెళుతున్నది ఆ ప్రశ్న ఒక్కటే. అది చదివినప్పుడు ముదీర్ ముఖం ఎలా ఉంటుందో ఊహించగలిగాను. ఆ రోడ్డును మాత్రం ఎంత ప్రయత్నించినా ఊహించలేకపోయాను.