వదిన తీసిన నిచ్చెన

ఈ మాట ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక ఖాళీ జాగాలో ఓ ఎండాకాలం స్విమ్మింగ్ పూల్ పెట్టించాను. తవ్వింది కాదు. ఇనుప పైపుల మధ్య మందపాటి ప్లాస్టిక్ షీటు, ఛాతీ ఎత్తు నీళ్లు. మున్సిపాలిటీలో అడిగితే వాళ్లకే సరిగా తెలియలేదు. తవ్వకపోతే పర్మిషన్ ఎందుకన్నాడు ఒకతను. చుట్టూ కంచె వేయాలి, పని కాగానే నిచ్చెన తీసేయాలి అన్నాడు ఇంకొకతను. కంచె వేయలేదు. నిచ్చెన మాత్రం తీసేసేవాళ్లం.

సద్దుల బతుకమ్మనాడు చెరువు దగ్గర జనం ఎక్కువని, బతుకమ్మలను మా పూల్‌లోనే వదలండని వాడకట్టు ఆడవాళ్లకు గొప్పగా చెప్పాను. అందరూ వదిలాక మా వదిన నిచ్చెన తీసి గోడకు ఆనించింది. నేను చూశాను. వాళ్లు సద్దుల ప్రసాదం పంచుకుంటుంటే, నీళ్ల మీద తంగేడు పూలను పైనుంచి వీడియో తీద్దామని నిచ్చెన మళ్లీ వేసి ఎక్కాను. దిగి, అలాగే వదిలేసి వచ్చాను.

తెల్లారి వదిన కూతురు, నాలుగేళ్ల పిల్ల, తన చిన్న బతుకమ్మ ఉందో లేదో చూద్దామని నిచ్చెన ఎక్కి నీళ్లలో పడింది. మా అన్న దూకి కూతుర్ని తీశాడు. ప్రాణం దక్కింది.

దవాఖాన వరండాలో వదిన నా చేయి పట్టుకుంది.

"తమ్మీ, నిచ్చెన నేను తీసిన్నా లేదా? తీసినట్టే ఉన్నది. నువ్వు చూసినవా?"

"యాదికి లేదు వదినా."

ఎందుకలా అన్నాను? అన్నకు భయపడ్డానా? భయపడేలోపే ఆ మాట వచ్చేసినట్టు గుర్తు. పర్మిషన్ అక్కర్లేదన్నవాడిదా తప్పు, కంచె వేయని నాదా, అసలు ఏది నా తప్పో విడదీసి చూద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా చివరికి ఆ వరండాలోనే వచ్చి ఆగిపోతాను. అన్న అందరి ముందూ వదిననే తిట్టాడు. ఆమె తలవంచుకుని ఒప్పుకుంది. ఆనాటి నుంచి తన చేతులను తానే నమ్మదు. వేసిన గేటు మళ్లీ వెళ్లి చూస్తుంది.

వదినా, నిచ్చెన నువ్వు తీసినవ్. నేను చూసిన. మళ్లీ పెట్టింది నేనే.

రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది. వంటింట్లో వదిన, తను గ్యాస్ కట్టేసిందో లేదో కూతుర్ని అడుగుతోంది.