రిజిస్టర్ పోస్టు వాపస్

బ్యాంకోళ్లు పంపిన రిజిస్టర్ పోస్టు తీస్కోకుంటే అది రానట్టే లెక్క అని మా గల్లీల అందరికీ ఎరుకే. ఆ కానూన్ ఎవ్వడు రాసిండో తెల్వదు గని, నేనైతే ఏడాదిన్నర దాన్ని దేవుని మాట లెక్క నమ్మిన.

మాది పట్నం పాతబస్తీల జహనుమా. బేగంబజార్ల స్టీలు దుకాండ్ల ముంగట చిన్న మిషిన్ పెట్టుకొని గిన్నెల మీద పేర్లు చెక్కుత. పెండ్లి సామాన్లు కొన్నోళ్లు పేర్లు చెక్కిచ్చుకుంటేనే గిన్నె తమదైనట్టు లెక్క. మంచిగనే నడుస్తుండె. ఇంటి మీద ఇంకో రూమేద్దాం, కిరాయికిద్దాం అని బ్యాంకుల లోన్ తీస్కున్నం. ఆడోళ్ల పేరు మీదుంటే వడ్డీ జర తక్కువంటే, ఇల్లూ లోనూ రెండూ నా భార్య పేరు మీదనే పెట్టినం. అటెన్క లాక్‌డౌన్ వచ్చింది. పెండ్లిళ్లు బంద్, గిన్నెలు బంద్, నేను బంద్. బజార్ మళ్ల తెరిచినా నా గిరాకీ సగమే తిరిగొచ్చింది. కిస్తులు ఆగినయ్.

ఇగ మొదలైంది కాయిదాల లొల్లి. పోస్టుమాన్ సైకిల్ మోటర్ గల్లీల మలుగుడుతోనే నేను గుమ్మంల నిలబడేటోన్ని.

"అన్నా, వదినె పేరు మీదొచ్చింది."

"ఇంట్ల లేదని రాయి."

లోపల ఆమె పప్పుల పోపేస్తుండె. ఎల్లిపాయ ఘుమఘుమ పోస్టుమాన్ ముక్కు దాకా వస్తుండె. ఆయన నవ్విండు. "లేదని ఎట్ల రాయాలన్నా? తీస్కోలేదని రాస్త." ఏదో ఒకటి రాయి, నాకేంది ఫికర్ అన్న. గట్ల ఎన్ని వాపస్ పంపిననో నాకే యాది లేదు. దుకాండ్ల కాడ ఛాయ్ తాక్కుంట మా దోస్తులకు ఇదే అకల్ చెప్పేటోన్ని కూడా. పెద్ద వకీల్ లెక్క!

బ్యాంకాయన ఇంటికొచ్చి గట్టిగ మాట్లాడి పోయిన రోజు నా భార్య మెడల పుస్తెలతాడు తీసి చేతుల పెట్టింది. "రెండు కిస్తులన్న కట్టు, జర ఊపిరాడుతది" అన్నది. అమ్మిన. కట్టిన. ఎండల నీళ్లు చల్లినట్టే అయింది. ఆ తర్వాత ఆమె పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకొని తిరిగింది. కొన్ని నెలలకు వచ్చి దర్వాజకు నోటీసే అంటించిన్రు. ఇల్లు జప్తు, అటెన్క వేలం. చుట్టాలొస్తే ఇజ్జత్ పోతదని నేను దాని మీద క్యాలెండర్ ఏలాడగొట్టిన. అంతకన్న తెలివి నా కాడ లేకుండె.

పక్కింట్ల ఒక ముసలామె ఉంటది, చిన్నమ్మ లెక్క ఖాలా అని పిలుస్తం. మా పెండ్లైనకాంచి మాకు పెద్దదిక్కు. ఒకరోజు మేమిద్దరం ఇంట్ల లేనప్పుడు పోస్టుమాన్ వస్తే, తన గడప మీద కూసున్న ఖాలా దస్కత్ పెట్టి లిఫాఫా తీస్కున్నది. సాయంత్రం నా చేతికిచ్చింది.

నాకు నెత్తి తిరిగింది. "ఏంది ఖాలా! కొంప ముంచితివి గదా! ఎవ్వరు తీస్కొమ్మన్నరు నిన్ను?"

ఖాలా ఏరుతున్న బియ్యం మీదికెల్లి తలకాయ కూడా ఎత్తలే. "కాగజ్ కాటింగా క్యా రే? ఖోల్ కే దేఖ్" అన్నది. కాయిదం కరుస్తదా నిన్ను, తెరిచి సూడుమని.

నేను తెరవలే. సజ్జ మీదికి ఇసిరేసిన. మూడొద్దులైనంక నా భార్యనే స్టూలెక్కి తీసింది, కత్తిపీటతోని కోసింది, కూసొని సదివింది. అది బ్యాంకుది కాదు. కోర్టుల ఉచిత న్యాయ సహాయం చేసే సర్కారు ఆఫీసుది. శనివారం లోక్ అదాలత్ ఉంది, వచ్చి బ్యాంకుతోని రాజీ చేసుకోండ్రి, ఫీజు లేదు, ఆడోళ్లకు వకీల్‌ను కూడా మేమే ఇస్తం అని ఉంది.

"అంత ఉత్తదే. పోయినమంటే ఆడనే పట్టుకుంటరు" అన్న.

"నా పేరు మీదొచ్చింది, నేను పోత. నువ్వస్తే రా, లేకుంటే పోయి గిన్నెలు చెక్కుకో" అన్నది.

పోయిన. ఆమె ఎన్క పోయిన. సర్కారు ఇచ్చిన వకీలమ్మ నా బిడ్డంత ఉంటది, కాయిదాలన్నీ అడిగి నన్ను మస్తు తిట్టింది. రిటైరైన జడ్జి సారు బ్యాంకాయనను ఎదురుంగ కూసోబెట్టి మాట్లాడిపిచ్చిండు. కిస్తులు ఆగినందుకు ఏసిన జుర్మానా వడ్డీ తీసేసిన్రు, మిగిలింది చిన్న చిన్న కిస్తులు చేసిన్రు, వేలం ఆపిన్రు. అర్ధగంటల అయిపోయింది. దీనికా ఏడాదిన్నర నేను సొంతింట్ల దొంగ లెక్క బతికింది!

నా భార్య దస్కత్ పెట్టినంక జడ్జి సారు ఫైల్‌లకెల్లి లిఫాఫాల కట్ట తీసి బల్ల మీద పెట్టిండు. నేను వాపస్ పంపినయే. "తీస్కోకుంటే రానట్టు కాదయ్యా. ఇచ్చినట్టే లెక్క" అన్నడు. నేను నవ్వబోయిన. గని కట్టల ఒక లిఫాఫా మీద ఖాలా తీస్కున్నదాని మీదున్న ముద్రనే ఉంది. అదే ఆఫీసు. అదే పిలుపు. పోయినేడు దసరాకు ముంగట వచ్చింది.

నా భార్య తారీఖు సూసింది. చేతి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నది.

"గప్పుడు నా మెడల పుస్తెలుండె" అన్నది.

గట్టిగ అనలే. నాకు సిగ్గుతోని తలకాయ లేవలే. నేను జీవితంల ఎంతమంది పేర్లు చెక్కిననో, ఆమె పేరు మీదొచ్చిన కాయిదం ఒక్కసారన్న ఆమె చేతికియ్యకపోతిని. నా అంత గాడ్ది కొడుకు ఇంకొకడు ఉంటడా?

మర్నాడు దుకాండ్ల స్టీలు రేకు ఒకటి కొన్న. ఆమె పేరు మంచిగ చెక్కి తెచ్చి, క్యాలెండర్ పీకేసి, దర్వాజకు కొట్టిన. ఆమె కొంగుతోని తుడిచి సూసుకున్నది. గదే మోఖా అనుకొని మెల్లగ అడిగిన, కింద నా పేరు కూడా చెక్కుకోనా అని.

"ముందుగాల పుస్తెలు చేయించు. గప్పుడు నీ పేరు సంగతి సూద్దాం" అన్నది.

రేకు మీద కింది జాగ ఇంక ఖాలీగనే ఉంది.