లేవి పెట్టె, గాబ్రియేలు డబ్బి

గాబ్రియేలు పత్తికొండకు పడమట ఒక పల్లెలో పుట్టాడు. కరువు సంవత్సరం రైలు కట్టకు మన్ను మొయ్యడానికి వచ్చి, అక్కడే జంక్షన్లో నిలిచిపోయాడు. మన్ను మోసినవాడు రైలు కొక్కేలు తగిలించేవాడయ్యాడు, పదేళ్ళు తిరిగేసరికి ఆ కొక్కెంవాళ్ళ గుంపుకే జమాదారయ్యాడు. వచ్చిన గూడ్సును విడదీసి, ఏ ఊరికి పోయేవాటిని ఆ ఊరి వరసలో తగిలించడం వాళ్ళ పని. చేతిలో పచ్చజెండా ఉన్నంతసేపు ఆయన స్టేషను మాస్టరుకు కూడా దారి ఇచ్చేవాడు కాదని చెప్పుకునేవాళ్ళు.

ఆ జంక్షన్లో రైలుకు ఒక పేరు నిలిచేది కాదు. కర్నూలు సాయిబులు గాడీ అనేవాళ్ళు, అందులో ఒక్కోదాన్ని డబ్బా అనేవాళ్ళు. కన్నడం గాలి సోకిన పడమటివాళ్ళకు అదే డబ్బి. కడప దిక్కునుంచి వచ్చేవాళ్ళకు రైలు బండి, దానికి తగిలించినవి పెట్టెలు. ఎవరి పేరు వాళ్ళకు ముద్దు. టిక్కెట్టు మాత్రం అందరికీ ఒకటే.

గాబ్రియేలు గుంపులో డబ్బి తప్ప ఇంకో మాట చెల్లేది కాదు. దానికి కారణం లేకపోలేదు. ఇంజను ఒక్క తోపు తోసి వదిలేస్తే, డబ్బి పెద్ద సద్దు చెయ్యకుండా దొర్లుకుంటూ వస్తుంది. పట్టాల నడుమ వంగి కొక్కెం వేసేవాడికి వీపు వెనక ఏం వస్తోందో తెలీదు. చూసినవాడు కేకెయ్యాలి, విన్నవాడు పక్కకు దూకాలి. "గుంపుకు మాట ఒకటే ఉండాల" అనేవాడు జమాదారు. అంతవరకూ న్యాయమే. అన్యాయం అల్లుడు వచ్చాక మొదలైంది.

గాబ్రియేలు, జీవమ్మలకు విశ్వాసమ్మ ఒక్కతే కూతురు. ఆ పిల్లకు జమ్మలమడుగు దిక్కు లేవిని చూసి పెళ్ళి చేసి, అల్లుణ్ణి తన దగ్గరే ఉంచుకుని గుంపులో పని ఇప్పించాడు. లేవి మాటల పుట్ట. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే పట్టాల అవతలికి వినిపించేది. కప్పు ఉంటే మూతపెట్టె, లేకపోతే మొండిపెట్టె, చివర గార్డు కూర్చునేది గార్డుపెట్టె. వచ్చిన మొదటిరోజే గూడ్సు మొత్తానికి పేర్లు పెట్టేసి, వాటి గురించి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, పెట్టె అంటాండావు?" అన్నాడు గాబ్రియేలు అందరి ముందరా. "పెట్టె అంటే మనిషి సచ్చినాక పండుకునేది. బతికినోళ్ళం మేం డబ్బీ ఎక్కుతాం."

గుంపు విరగబడి నవ్వింది. లేవి కూడా నవ్వాడు. ఒకసారి నవ్వించిన మాటను మళ్ళీ మళ్ళీ అనకపోతే జమాదారుకు నిద్రపట్టేది కాదు. సంగటి తినేటప్పుడు కూతురితో "మీ ఆయప్పకు కంచమెందుకు పాపా, పెట్టెలో పెట్టు" అనేవాడు. పెద్దాయనే అన్నాక చిన్నవాళ్ళకు అడ్డేముంది? ఉరుకుందు అనే కొక్కెంవాడు లేవి కనబడితే చాలు, "పెట్టె వస్తాండాది, పక్కకు తప్పుకోండి" అని అరిచేవాడు. ఇల్లరికపు అల్లుడు, తిరిగి అనలేడు.

లేవి నోరు మెల్లమెల్లగా మూతబడింది. ముందు కబుర్లు పోయాయి. తర్వాత చర్చిలో పాట పోయింది. పనిలో చెయ్యి ఊపి సైగ చేసేవాడు తప్ప పెదవి విప్పేవాడు కాదు.

"ఇంట్లో గూడా మాట్లాడేది మానుకుండాడు నాయనా. నువ్వు కొంచెం గమ్మునుండు" అంది విశ్వాసమ్మ.

"పని నేర్చుకుంటాండాడు లేమ్మా" అన్నాడు గాబ్రియేలు. అల్లుడు దారికి వచ్చాడని లోలోపల సంతోషపడ్డాడు కూడా. మనిషికి కళ్ళు నెత్తిమీదికి ఎక్కితే ఎదురుగా ఉన్నది కనబడదు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. కొక్కెం బిగుసుకుపోతే గాబ్రియేలే స్వయంగా పట్టాల నడుమ వంగి, దాన్ని సుత్తితో కొడుతున్నాడు. లేవి కాస్త దూరంలో నిలబడి ఉన్నాడు. ఇంజను వదిలిన మూతడబ్బి ఒకటి దుమ్ములోంచి దొర్లుకుంటూ వచ్చింది. కేక వినబడలేదు. పరుగెత్తుకొచ్చే కాళ్ళ చప్పుడు మాత్రం వినబడింది. ఎవరో గట్టిగా తోస్తే గాబ్రియేలు కంకరలో బోర్లా పడ్డాడు. లేచి చూసేసరికి లేవి కుడిచెయ్యి పట్టామీద నలిగిపోయి ఉంది.

ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని గాబ్రియేలు అడిగాడు. "అరిచింటే నేనే దూకేవాణ్ణి కదప్పా. యాల అరవలేదు?"

"నోటికి పెట్టె అనే వచ్చింది మామా" అన్నాడు లేవి. "మింగినా."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నదే చెప్పాడు. గాబ్రియేలుకు అదే భరించరాకుండా పోయింది. డబ్బి అననీ, పెట్టె అననీ, ఉత్త అరుపు అరవనీ, తను దూకి ఉండేవాడు. ఆ సంగతి తనకు మొదటినుంచీ తెలుసు.

ఒంటిచెయ్యివాడికి కొక్కెం పని లేదు. లేవి పెళ్ళాన్ని తీసుకుని జమ్మలమడుగు పోయి, ఎడమచేత్తో చర్చిగంట కొడుతూ బతుకుతున్నాడు. ఇక్కడ జమాదారు గుంపును పిలిచి, "ఎవుని నోటికి ఏదొస్తే అది అరవండప్పా" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, పైగా కాలింది ఆయన చెయ్యి కాదు.

రెండేళ్ళు మొహం చెల్లక, చివరికి అల్లుణ్ణి చూడాలని బయలుదేరాడు. ఎర్రగుంట్ల దాకా రైలు. గుంతకల్లు దాటాక డబ్బీలో అందరూ పెట్టె అనేవాళ్ళే. వాళ్ళ మాటలు వింటూ, ఆయన కూడా పెదవుల మధ్య ఆ మాటను అనుకుంటూ పోయాడు. ముందు దాంతోనే అల్లుడికి క్షమాపణ చెప్పుకుందామనుకున్నాడు. ఇంతకన్నా మంచిమాట ఆయనకు దొరకలేదు.

లేవి ఇంటి గోడ దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి చుట్టుపక్కల పిల్లల నవ్వులు వినబడ్డాయి. "మూతపెట్టె తలుపు తీస్తిమి, లోపల కోతి కూర్చోనుండాది, టిక్కెట్టడిగితే పండ్లు ఇకిలించింది" అని లేవి గొంతెత్తి చెబుతున్నాడు. పాత గొంతే. గాబ్రియేలు అక్కడే నిలబడిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత లోపలికి అడుగుపెట్టాడు.

లేవి కథ ఆపేసి లేచి నిలబడ్డాడు. "రా మామా" అన్నాడు, మాట మాటకూ జాగ్రత్తపడుతూ. "డబ్బీలో జాగా దొరికిందా?"

"పెట్టెలో వచ్చినా అల్లుడా" అన్నాడు గాబ్రియేలు. "మంచి పెట్టె దొరికింది."

లేవి తల దించుకున్నాడు. నీళ్ళచెంబుతో వస్తున్న విశ్వాసమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"ఇంకా తీరలేదా నాయనా నీ ఎగతాళి?" అంది.

ఎగతాళి కాదమ్మా అని చెప్పబోయాడు. కానీ ఆ మాట ఆయన నోట ఏనాడూ ఇంకోలా వచ్చింది కాదు, వాళ్ళు మాత్రం ఎట్లా నమ్ముతారు? చెంబు అందుకుని నీళ్ళు తాగాడు.